బీథోవెన్: పలక, పెన్సిలు, పియానో



మీలో కీబోర్డు నేర్చుకొంటున్నవారు ఏదో ఒకనాడు తప్పక అభ్యసించే చిన్న స్వరరచన ఒకటి ఉన్నది. దాని పేరు ‘ఎలీజ్ కొరకు’. ప్రక్కప్రక్కనే ఉన్న రెండు మెట్లను మార్చి మార్చి నొక్కుతూ అది మొదలవుతుంది. ఆ మొదటి స్వరాలు వినగానే, పేరు తెలియనివారు సైతం తల ఊపుతారు. 1810లో దానిని రచించినవాడు లుడ్విగ్ వాన్ బీథోవెన్. అప్పటికే పన్నెండేళ్ళుగా ఆయన చెవులు కొద్దికొద్దిగా పని మానుకొంటూ వస్తున్నాయి.

బీథోవెన్ చెవిటివాడని మీరు ఎక్కడో చదివే ఉంటారు. చెవులు వినపడకపోయినా గొప్ప సంగీతం వ్రాశాడు, అది ఒక అద్భుతం అని ఒక్క వాక్యంలో చెప్పి ముగించే పుస్తకాలు చాలా ఉన్నాయి. నాకు ఆ వాక్యం తృప్తినివ్వదు. ఒక్కనాడు ఉన్నట్టుండి పోయిన వినికిడి కాదది. ఇరవై ఏళ్ళకు పైగా మెట్టు మెట్టుగా దిగిపోయింది. ప్రతి మెట్టు దగ్గరా ఆయన, ఆయన చుట్టూ ఉన్నవారు, ఏదో ఒక కొత్త ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. ఆ ఏర్పాట్ల సంగతే నేడు మీకు చెప్పదలచాను.

జర్మనీలో రైన్ నది ఒడ్డున బాన్ అనే పట్టణం ఉన్నది. 1770 డిసెంబరు 17న అక్కడి చర్చిలో ఆ శిశువుకు నామకరణం జరిగింది. తాత ఆ సంస్థానపు ఆస్థాన సంగీత బృందానికి అధిపతి. తండ్రి అదే ఆస్థానంలో గాయకుడు. ఇంట సంగీతానికి కొదువ లేదు కాని, సుఖానికి ఉన్నది. తండ్రి మద్యానికి బానిస. కుమారుని బాలమేధావిగా లోకానికి చూపించాలన్న ఆత్రంతో కఠినంగా సాధన చేయించేవాడు. చిన్నపీట ఎక్కి నిలబడి, కన్నీరు కారుస్తూ మెట్లు నొక్కుతున్న పసివాడిని చూసినట్లు ఇరుగుపొరుగువారు తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. ఆ తరువాత నేఫె అనే మంచి గురువు లభించాడు. పన్నెండేళ్ళ ప్రాయానికే బాలుని మొదటి రచన అచ్చయింది. పదహారవ ఏట తల్లి మరణించింది. తండ్రి ఇల్లు పట్టించుకోకపోవడంతో, ఆయన జీతంలో సగం తనకు ఇప్పించమని అధికారులను అర్థించి, ఇద్దరు తమ్ముళ్ళను పోషించే భారం పద్దెనిమిదేళ్ళకే భుజాన వేసుకొన్నాడు.

1792 నవంబరులో వియన్నా చేరాడు. ఆనాడు ఐరోపాలో సంగీతమంటే వియన్నాయే. హేడన్ మహాశయుని వద్ద కొంతకాలం శిష్యరికం చేశాడు. అయితే నగరాన్ని ఆకట్టుకొన్నది ఆయన వ్రాసిన సంగీతం కంటె ముందు వాయించిన సంగీతం. మన కర్ణాటక విద్వాంసులు మనోధర్మంతో అప్పటికప్పుడు రాగాన్ని విస్తరించినట్లు, ఆయన పియానో ముందు కూర్చొని ఒక చిన్న స్వరమాలను పట్టుకొని గడియలకొద్దీ పెంచుకొంటూ పోయేవాడు. విన్న ప్రభువులు తమ భవనాలకు ఆహ్వానించేవారు. ఇరవై ఏడేళ్ళ యువకుడు. చేతిలో విద్య ఉన్నది, ఊరినిండా పేరున్నది.

సరిగా ఆ సమయంలో చెవులలో హోరు మొదలయింది.

రాత్రింబవళ్ళు ఆగని హోరు అది. దానితోపాటు దూరం నుంచి వచ్చే వాద్యాల, కంఠాల పైస్థాయి స్వరాలు వినిపించడం మానాయి. నాటకశాలలో నటుల మాట అర్థం కావాలంటే, వాద్యబృందానికి ఆనుకొన్నంత దగ్గరగా పోయి కూర్చోవలసి వచ్చేది. ఎవరైనా మెల్లగా మాట్లాడితే ధ్వని చెవిన పడేది కాని మాట తెలిసేది కాదు. పోనీ అని గట్టిగా అరిస్తే భరించలేకపోయేవాడు.

ఈ చివరి రెండు సంగతులూ మీకు వింతగా తోచవచ్చు. ధ్వని వినిపించి మాట తెలియకపోవడమేమిటి? ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. బడి, మడి, గడి, తడి, జడి అనండి. వీటిలో అచ్చులు ఒక్కటే, మారేది మొదటి హల్లు మాత్రమే. హల్లులలో చాలామటుకు సన్నని, క్షణంలో మాయమయ్యే ధ్వనులు. ‘స’, ‘శ’, ‘త’ వంటివి మరీను. చెవి క్షీణించేటప్పుడు తరచు ముందుగా పోయేవి అవే. అచ్చులు మిగులుతాయి. అప్పుడు బడికి రమ్మన్నారో, మడి కట్టుకోమన్నారో వినేవానికి తెలియదు. అరిస్తే అచ్చులే మరింత పెద్దవవుతాయి. పోయిన హల్లు తిరిగిరాదు. అందుచేత ఇటువంటివారితో మాట్లాడేటప్పుడు కేక వేయడం కంటె, ఎదురుగా నిలిచి, ముఖం కనబడేటట్లు, తొందర లేకుండా పలకడం మేలు. మీ తాతగారితో మాట్లాడి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

బీథోవెన్ ఈ లక్షణాలన్నింటినీ 1801 వేసవిలో బాన్ పట్టణపు బాల్యమిత్రుడు, వైద్యుడు అయిన వేగెలర్‌కు లేఖలో వివరించాడు. అమెండా అనే మరొక స్నేహితునికి కూడా వ్రాశాడు. ఇద్దరూ వియన్నాలో లేరన్నది గమనించండి. దూరాన ఉన్నవారికి చెప్పగలిగాడు కాని, ఎదుట ఉన్నవారికి చెప్పలేకపోయాడు. ఈ విషయాన్ని ఎవరికీ తెలియనీయవద్దని ఆ ఇద్దరినీ వేడుకొన్నాడు. దాదాపు రెండేళ్ళుగా సభలకు, విందులకు దూరంగా ఉంటున్నానని, తనకు చెవుడని మనుషుల ముఖం మీద చెప్పలేకపోవడమే అందుకు కారణమని తెలిపాడు. వేరే వృత్తిలో ఉన్నవానికి ఇది కొంత సులువేమో కాని, సంగీతకారునికి ఇది తెలిస్తే శత్రువులు ఏమంటారోనని ఆయన భయం. జవాబు చెప్పకపోతే లోకులు పరధ్యానమని అనుకొనేవారు. ఆయన వారిని అలాగే అనుకోనిచ్చాడు.

దాచుకోవడం ఎంత శ్రమతో కూడిన పనో ఆలోచించండి. వినిపించని మాటకు నవ్వాలి. అడిగినదేమిటో తెలియకుండా తల ఊపాలి. విందులో పదిమంది ఒకేసారి మాట్లాడుతూ ఉంటే ఎవరి పెదవులని చూడాలి? వినికిడి పోవడం వలన కలిగిన నష్టం కొంత, దాచుకోవడం వలన కలిగిన నష్టం అంతకు మించి అని ఆయన జీవితం చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

వైద్యులు తమకు తోచినదంతా చేశారు. చెవిలో బాదం నూనె పోశారు. డాన్యూబ్ నది నీటితో గోరువెచ్చని స్నానాలు చేయించారు. ఒక రకపు పొద బెరడును చేతులకు కట్టి బొబ్బలు ఎక్కించారు. ఆ బొబ్బలు మానేవరకు పియానో వాయించడానికి కూడా వీలులేదు. చెవి మాత్రం బాగుపడలేదు.

1802లో మరొక వైద్యుని సలహాపై, విశ్రాంతి కోసం వియన్నా వెలుపల హైలిగెన్‌స్టాట్ అనే పల్లెకు వెళ్ళాడు. పొలాలు, ద్రాక్షతోటలు, ఏరు ఉన్న చక్కని చోటు. అక్కడికి శిష్యుడు ఫెర్డినాండ్ రీస్ వచ్చి, ఒకనాడు గురువుతో కలిసి నడుస్తూ, అడవిలో గొల్లవాడొకడు పిల్లనగ్రోవి ఊదుతున్నాడని, అది ఎంత బాగున్నదోనని చూపించాడు. బీథోవెన్ నిలబడి ఆలకించాడు. అరగంట గడిచినా ఏమీ వినిపించలేదు. తనకు కూడా వినిపించడం లేదని రీస్ ఎంతగా నమ్మబలికినా లాభం లేకపోయింది. గురువు మౌనంగా, ముఖం చిన్నబుచ్చుకొని ఇంటిదారి పట్టాడు.

ఆ అక్టోబరులో ఆయన ఇద్దరు తమ్ముళ్ళ పేర ఒక దీర్ఘ లేఖ వ్రాశాడు. తాను మనుషులంటే గిట్టనివాడు కాడని, వారి మాట వినిపించక తప్పుకొని తిరుగుతున్నానని, జీవితం మీదనే విరక్తి కలిగినదని, తనలోని సంగీతమంతా వెలికి రాకుండా లోకాన్ని విడువలేక నిలిచానని అందులో తన హృదయమంతా విప్పి చెప్పాడు. గొల్లవాని పిల్లనగ్రోవి బాధ కూడా ఆ లేఖలో ఉన్నది. అంతా వ్రాసి, మడిచి, దాచిపెట్టాడు. పంపలేదు. ఆ లేఖ సంగతి మళ్ళీ చివరన వస్తుంది, గుర్తుంచుకోండి.

వియన్నాకు తిరిగివచ్చి మూడవ సింఫనీ రచించాడు. అంతకు మునుపు ఎవరూ ఎరుగని పెద్ద రచన అది. సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం కలిసి వాయించే, సాధారణంగా నాలుగు భాగాల రచన. ఇక 1806లో, ఒక తంత్రీవాద్య రచన చిత్తుకాగితాలపై, స్వరాల నడుమ, తనకు తానే ఒక మాట వ్రాసుకొన్నాడు. చెవిటితనం ఇక రహస్యంగా ఉండనక్కరలేదు, సంగీతంలో కూడా ఉండనక్కరలేదు అన్నది దాని భావం. ఎవరో చదవాలని వ్రాసినది కాదు. కొట్టివేతలు, గీతలు నిండిన కాగితం మీద పెన్సిలుతో గీసుకొన్న రెండు మూడు పంక్తులు. కాని హైలిగెన్‌స్టాట్ లేఖలోని మనిషికీ ఈ మనిషికీ మధ్య ఎంత దూరమో చూడండి. నాలుగేళ్ళు పట్టింది ఆ దూరం నడవడానికి.

1808 డిసెంబరు 22న వియన్నాలోని ఒక నాటకశాలలో తన కొత్త రచనలతో ఆయన కచేరీ ఏర్పాటు చేశాడు. ఐదవ, ఆరవ సింఫనీలు లోకం తొలిసారి విన్నది ఆ రాత్రే. పియానో రచనను స్వయంగా వాయించాడు. నాలుగు గంటలు సాగింది. మనకు చలి అంటే ఎయిర్‌కండిషన్ గది చలి మాత్రమే తెలుసు. అక్కడ డిసెంబరు రాత్రి, వెచ్చదనం ఏర్పాటు లేని శాలలో కూర్చొన్న శ్రోతల అవస్థ ఊహించుకోవలసిందే. సాధన చాలక వాద్యబృందం ఒకచోట తడబడితే, ఆపించి మళ్ళీ మొదటినుంచి వాయింపజేశాడు.

సరిగా వినిపించనివాడు ఎలా రచించాడని మీరు అడగవచ్చు. దీనికి జవాబు మీ దగ్గరే ఉన్నది. తెలుగు వాచకాన్ని పెదవులు కదపకుండా చదువుతున్నప్పుడు, మీ మనసులో ఆ మాటలు పలుకుతూనే ఉంటాయి కదా. అక్షరాన్ని చూస్తే ధ్వని లోపల మ్రోగుతుంది. చిన్ననాటి నుంచి స్వరలిపి చదివినవానికి, కాగితం మీది స్వరాలు అలాగే మ్రోగుతాయి. వయొలిన్ ఎలా ఉంటుందో, దానికి కొమ్మువాద్యం తోడైతే ఎలా ఉంటుందో ఆయనకు ముప్పై ఏళ్ళ అనుభవం. చెవి తలుపు మూసుకొంటున్నా లోపలి గది నిండుగానే ఉన్నది. నడకకు పోయినప్పుడు సైతం జేబులో చిత్తుపుస్తకం, పెన్సిలు ఉండేవి. తోచిన స్వరమాలను అక్కడికక్కడే వ్రాసుకొనేవాడు.

రచన సాగింది సరే, మనుషులతో మాట ఎలా? వాయించడం ఎలా? కష్టమంతా అక్కడ ఉన్నది.

1809లో నెపోలియన్ సేనలు వియన్నా మీద ఫిరంగులు పేల్చినప్పుడు, ఆయన తమ్ముని ఇంటి నేలమాళిగలో తలగడలతో చెవులు కప్పుకొని కూర్చొన్నాడు. మిగిలిన కొద్ది వినికిడిని ఆ ప్రేలుళ్ళు హరిస్తాయేమోనని భయం. ఉన్నదానిని కాపాడుకోవడం ఆయన మొదటి ఏర్పాటు.

రెండవ ఏర్పాటు బూరలు. మేల్జెల్ అనే యంత్రనిపుణుడు ఆ కాలంలో వియన్నాలో ఉండేవాడు. తాళం వేగాన్ని టిక్కు టిక్కుమని కొలిచే మెట్రోనోము అనే పరికరాన్ని లోకంలో ప్రచారం చేసినవాడు ఆయనే. 1812 తరువాతి ఏళ్ళలో ఆయన బీథోవెన్ కోసం వినికిడి బూరలు తయారుచేశాడు. సన్నని మొన చెవిలో పెట్టుకొంటే, వెడల్పు మూతి ధ్వనిని పోగుచేసి లోపలికి పంపుతుంది. చేతులు రెండూ వాయించడానికి ఖాళీగా ఉండేటట్లు, తలకు పట్టీతో కట్టుకొనే విధంగా కూడా ఒకటి చేశారు. లోహపు గరిటెల వలె కనిపించే ఆ బూరలను నేటికీ బాన్ నగరంలో ఆయన పుట్టిన ఇంటిలో చూడవచ్చు. అవి బ్రహ్మాండంగా పనిచేశాయని చెప్పలేము. కొన్ని ఆయనకు అసలు ఉపకరించలేదు. ఒక రచన విషయంలో మేల్జెల్‌తో పెద్ద తగవు కూడా వచ్చింది. తరువాత రాజీపడ్డారు.

1814 ఏప్రిల్‌లో తన పియానో త్రయాన్ని సభలో వాయించాడు. దాని సాధనను స్పోర్ అనే వయొలిన్ విద్వాంసుడు విని చాలా నొచ్చుకొన్నాడు. గట్టిగా వాయించవలసినచోట తీగలు గలగలలాడేటంత బలంగా కొట్టేవాడట. మెత్తగా వాయించవలసినచోట ఎంత మెత్తగా తాకేవాడంటే కొన్ని స్వరాలు పలికేవే కావు. తనకు లోపల వినిపిస్తున్నది కనుక, బయట పలకలేదని ఆయనకు తెలియలేదు. అటుపిమ్మట సభలలో పియానో వాయించడం ఇంచుమించు విరమించుకొన్నాడు. వియన్నా నగరాన్ని తొలుత జయించిన విద్యనే వదలుకోవలసి వచ్చింది. ఈ నష్టానికి ఏ ఏర్పాటూ దొరకలేదు. అది నష్టమే.

అయితే ఇంటిలో వాయించుకోవడం మానలేదు. ఇక్కడ పియానో చేసేవారి కథ కొంత చెప్పాలి. ఆ రోజుల వియన్నా పియానోలు సున్నితమైనవి, ధ్వని చిన్నది. నానెట్ ష్ట్రైఖర్ అనే ఆవిడ పియానోల తయారీలో గొప్ప పేరు పొందినది. తండ్రి వద్ద నేర్చిన విద్య. ఆమెకు 1817లో బీథోవెన్ లేఖ వ్రాశాడు. తన వినికిడి తగ్గినందువలన, ఒక పియానోను వీలైనంత గట్టిగా పలికేటట్లు సవరించి ఇప్పించమని అందులో కోరాడు. పదహారేళ్ళ క్రితం మిత్రులతో రహస్యం రహస్యమని బ్రతిమాలినవాడు ఇప్పుడు పని చేసేవారికి సూటిగా, ఏమి కావాలో, ఎందుకు కావాలో చెబుతున్నాడు. ఈ లేఖ ఆయన సింఫనీలంత ప్రసిద్ధం కాదు. నాకు మాత్రం ఇష్టమైనది.

ఆ ఏడాది చివర లండన్ నుంచి బ్రాడ్‌వుడ్ సంస్థ ఒక పియానోను బహుమతిగా పంపింది. ఓడలో ట్రియెస్ట్ రేవు వరకు, అక్కడినుంచి బండి మీద కొండలు దాటి 1818లో వియన్నా చేరింది. వియన్నా పియానోల కంటె దిట్టమైనది, ధ్వని పెద్దది. దానిని ఆయన ఎంతగా వాడాడంటే, కొన్నేళ్ళకు తీగలు తెగి చిక్కుబడిపోయాయి. 1820లో నానెట్ సోదరుడు ష్టైన్ ఈ పియానో మీద అమర్చడానికి గూడు వంటి పరికరం ఒకటి తయారుచేశాడు. లోపలి ధ్వనిని చెదరిపోనీయకుండా పోగుచేసి, వాయించేవాని ముఖం వైపు మళ్ళించడం దాని పని. చివరి రోజులలో గ్రాఫ్ అనే మరొక నిపుణుడు, స్వరానికి మూడు తీగలకు బదులు నాలుగు తీగలు బిగించిన పియానో ఇచ్చాడు. ఒక మనిషి చెవి కోసం ఇంతమంది వడ్రంగులు, తీగలు బిగించేవారు తలలు బద్దలు కొట్టుకొన్నారు. వారికి అతి గట్టి పియానో చేయడంలో కొత్త విద్య కూడా అబ్బింది.

ఇక మూడవ ఏర్పాటు అన్నింటికంటె చౌకైనది. కాగితం, పెన్సిలు.

1818 నాటికి బూర పెట్టినా సంభాషణ నడపడం కష్టమైపోయింది. అప్పటినుంచి ఆయన వద్ద చిన్న నోటుపుస్తకం ఉండేది. వచ్చినవారు చెప్పదలచినది అందులో వ్రాసేవారు. ఆయన చదివి, నోటితో జవాబిచ్చేవాడు. ఇంటిలో పలక కూడా ఉండేది, వ్రాసి తుడిచివేయడానికి. మన ముత్తాతలు బడిలో వాడిన పలక వంటిదే. కాఫీ దుకాణంలో కూర్చొన్నా, భోజనశాలలో కూర్చొన్నా పుస్తకం బల్ల మీదికి వచ్చేది. బయటి జనం వినకూడని మాట ఉంటే, ఆయన కూడా అందులోనే వ్రాసేవాడు. లేకుంటే ఆయన గొంతు గది అంతా వినిపించేది మరి.

ఆ పుస్తకాలలో ఏమున్నదని తెరచి చూస్తే మీకు నవ్వు వస్తుంది. మహాసంగీతం గురించిన చర్చలు ఉన్నాయి. వాటి ప్రక్కనే చీపురు, సబ్బు, కొవ్వొత్తుల జాబితాలు ఉన్నాయి. అద్దె ఇళ్ళ చిరునామాలు, పత్రికలో చూసిన కొత్త పుస్తకాల వెలలు, వంటమనిషి మీద ఫిర్యాదులు, చక్కెర లెక్కలు. మిత్రులు చెప్పిన ఊరి కబుర్లు. మేనల్లుడు కాదు, తమ్ముని కుమారుడు కార్ల్, పెంచిన పెదనాన్నతో చేసిన వాదాలు. మనం రోజంతా మాట్లాడే మాటలను ఎవరైనా పట్టి కాగితం మీద పెడితే ఇలాగే ఉంటాయి. ఆయనకు పోయిన వస్తువు సరిగ్గా ఇదే. చెవుడు సంగీతాన్ని తీసుకొనిపోలేదు, ఈ చక్కెర లెక్కలను, ఊరి కబుర్లను తీసుకొనిపోయింది. పెన్సిలు వాటిని తిరిగి తెచ్చింది.

దీనికి ఎదుటివారి ఓర్పు కూడా కావాలి. ప్రతి మాటను వ్రాయడమంటే మాటలా! ముగ్గురు నలుగురు కూర్చొన్నచోట పుస్తకం చేతులు మారుతూ ఉండాలి. వ్రాయడం ఆలస్యమైతే నవ్వుకు సమయం దాటిపోతుంది. విసుగు పుట్టి, తమలో తాము మాట్లాడుకొనేవారు కూడా ఉండి ఉంటారు. బీథోవెన్‌కు కోపం ఎక్కువ, అనుమానం ఎక్కువ. పనివారిని మాటిమాటికి మార్చేవాడు, ఇళ్ళనూ మార్చేవాడు. ఆ కోపాన్ని నేను సమర్థించను. పనివారు పడ్డ కష్టం నిజం. కాని గదిలో పెదవులు కదులుతూ ఉండి, ధ్వని లేకపోతే, అది తన గురించేనేమో అనుకోవడం మానవ సహజం. చెవుడు ఉన్నవారి ఎదుట గుసగుసలాడడం ఎందుకు తప్పో దీనిని బట్టి మీరే గ్రహించగలరు.

1824 మే 7. వియన్నాలో తొమ్మిదవ సింఫనీ తొలి ప్రదర్శన. వాద్యబృందం, గాయకబృందం, నలుగురు ప్రధాన గాయకులు. బీథోవెన్ వేదిక మీద నిలిచి, ప్రతి భాగానికి వేగం సూచించాడు. అయితే ఉమ్లౌఫ్ అనే నిర్దేశకుడు ప్రక్కనే ఉండి నిజంగా నడిపించాడు. తన చేతినే చూడవలసిందని, బీథోవెన్ చేతిని అనుసరించవద్దని ఆయన బృందానికి ముందే చెప్పి ఉంచాడు. కొందరు దీనిని చదివి, అయ్యో పాపం అంటారు. నేననను. రెండేళ్ళు శ్రమించి వ్రాసినవాడు తన రచన పుట్టే వేళ వేదిక మీద ఉండాలి, ఆట చెడకూడదు. రెండూ నెరవేరే మార్గం అది. ఆ రోజు ఎవరూ ఆయనను ఇంటిలో కూర్చోమనలేదు.

శాల చప్పట్లతో దద్దరిల్లింది. ఆయన వీపు ప్రేక్షకుల వైపు ఉన్నది, కన్నులు స్వరలిపి మీద ఉన్నాయి. తెలియలేదు. అప్పుడు గాయకులలో ఒకరైన కరోలిన్ ఉంగర్, ఇరవై ఏళ్ళ యువతి, ముందుకు వచ్చి ఆయనను ప్రేక్షకుల వైపు త్రిప్పింది. చప్పట్లు ఆయనకు వినిపించవని అప్పుడే గ్రహించిన జనం చేతిరుమాళ్ళు, టోపీలు గాలిలో ఊపారు. కంటికి కనిపించే చప్పట్లు అవి. నేడు సైగభాష వాడేవారి సభలలో రెండు చేతులు పైకెత్తి వేళ్ళు ఆడించి మెచ్చుకొంటారు. ఈ దేశంలో టెలివిజన్ వార్తలు చూసేటప్పుడు, తెర మూలన నిలిచి చేతులతో చెప్పేవారిని మీరు చూసే ఉంటారు. బీథోవెన్ కాలానికే వియన్నాలో బధిరుల పాఠశాల ఉన్నది. 1779లోనే దానిని స్థాపించారు. పెద్దవయసులో వినికిడి పోగొట్టుకొన్న ఆయనకు మాత్రం ఆ భాష అందలేదు, కాగితమే దిక్కయింది.

అటుపిమ్మట మూడేళ్ళలోపే, 1827 మార్చి 26న ఆయన కన్నుమూశాడు. వయసు యాభై ఆరు. అంతిమయాత్రకు వేలాది జనం కదలివచ్చారు. కాగడా పట్టి నడిచినవారిలో షూబెర్ట్ అనే యువ సంగీతకర్త ఉన్నాడు. ఇంటిలోని కాగితాలు సర్దుతుండగా హైలిగెన్‌స్టాట్ లేఖ బయటపడింది. ఇరవై నాలుగేళ్ళకు పైగా, ఎన్ని ఇళ్ళు మారినా దానిని పారవేయలేదు, పంపనూలేదు.

సంభాషణ పుస్తకాలు 139 మిగిలాయి. చాలావరకు బెర్లిన్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఆయన సహాయకుడు షిండ్లర్ తన గొప్ప కోసం, ఆయన పోయిన తరువాత కొన్ని పుటలలో దొంగమాటలు చేర్చాడు. ఆ మోసాన్ని నూటయాభై ఏళ్ళకు పండితులు పట్టుకొన్నారు. మిగిలినదంతా అసలైనదే. కాని చదివేవారికి ఒక చిక్కు. అందులో ఉన్నవి చాలావరకు ఇతరుల మాటలే. ప్రశ్న ఉంటుంది, తరువాత మరొక ప్రశ్న ఉంటుంది. నడుమ బీథోవెన్ చెప్పిన జవాబు నోటితో చెప్పినది కనుక, గాలిలో కలిసిపోయింది.

అయితే 1823 వసంతకాలపు ఒక పుస్తకంలో వేరొక విధమైన పుట ఉన్నది. వినికిడి పోతున్న మరొక మనిషి సలహా కోరి ఆయన వద్దకు వచ్చాడు. ఆ మనిషికి నోటితో చెబితే సరిగా వినిపించదు. అందుచేత బీథోవెన్ కూడా పెన్సిలు అందుకొన్నాడు. స్నానాలు, పల్లెగాలి కొంత మేలు చేస్తాయని వ్రాశాడు. బూరలను మరీ ముందుగా వాడవద్దని, తాను అలా ఆగినందువలననే ఎడమ చెవిని కొంతవరకు కాపాడుకొన్నానని వ్రాశాడు. ఈ బూరల సలహా మీరు పాటించవద్దు. నేటి వినికిడి యంత్రాలు వేరు, వైద్యులు సరిచూసి అమర్చిన యంత్రాన్ని త్వరగా వాడడమే మంచిదని చెబుతారు. కాని ఆ పుటను చూడండి. ఒకనాడు వేగెలర్‌కు, అమెండాకు చెప్పి దాచమని బ్రతిమాలిన సంగతినే, ముందు పరిచయం లేని ఒక వ్యక్తికి, తన చేతివ్రాతతో, ఏ చెవి ఎంత పనిచేస్తున్నదో కూడా వివరిస్తూ వ్రాసి ఇచ్చాడు. ఇద్దరూ ఒకే పుస్తకం మీదికి వంగి, ఒకరి తరువాత ఒకరు వ్రాసుకొన్నారు.